వీడియో ఆటలు: ఆడేవారూ, రాసేవారూ

వీడియో ఆట అనగానే పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది పాడైపోతున్న చదువు. మనకు గుర్తొచ్చేది రాత్రి రెండింటి దాకా లైటు ఆరని హాస్టల్ గది. ఈ రెంటి మధ్యా ఎన్నడూ జరగని చర్చ ఒకటుంది. ఆ ఆట లోపల ఏం జరుగుతున్నది? దాన్ని రాసిందెవరు? మనం రాయగలమా? ఈ ప్రశ్నలు ఇంజనీరింగు వాళ్ళవి మాత్రమే అనుకోనక్కరలేదు. పరుగు, దూకుడు, గురి, తప్పించుకోవడం - వీటితో నడిచే యాక్షన్ ఆటలో ఉన్నది ఇంటర్మీడియట్ స్థాయి లెక్కలూ, కాస్త భౌతికశాస్త్రమూ, మనిషి బొటనవేలి గురించిన కొంచెం జ్ఞానమూ మాత్రమే. అందుచేత ఈ వ్యాసాన్ని ఆర్ట్స్ మిత్రులు కూడా భయం లేకుండా చదవవచ్చు.

యంత్రం చిన్నది, ఆట పెద్దది

1977లో అమెరికాలో అటారి కంపెనీ ఇంటి టీవీకి తగిలించే ఒక ఆటపెట్టెను విడుదల చేసింది. తర్వాత దానికి అటారి 2600 అనే పేరు స్థిరపడింది. దాని మెమరీ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. తెలుగును నేటి యూనికోడ్ పద్ధతిలో దాస్తే ఒక్కొక్క గుర్తుకు 3 బైట్లు పడుతుంది. అంటే ఆ పెట్టె మొత్తం మెమరీలో మన భాషలో నలభై రెండు గుర్తులు, ఒక పొట్టి వాక్యం, పట్టవచ్చు. తెరమీది బొమ్మను దాచుకొనే చోటు కూడా అందులో లేదు. టీవీలోని కిరణం ఒక్కొక్క గీత గీస్తూ పోతుంటే, ప్రోగ్రాము దాని వెంట పరుగెత్తి, గీతకు 76 మెషీన్ సైకిళ్ళలో ఏ రంగు ఎక్కడ వేయాలో చెప్పాలి. ఆలస్యమైతే బొమ్మ చెదురుతుంది. అటువంటి పెట్టెమీదనే 1982లో డేవిడ్ క్రేన్ ‘పిట్‌ఫాల్’ రాశాడు. అడవిలో మనిషి పరుగెత్తుతాడు, తాడు పట్టుకొని ఊగుతాడు, మొసళ్ళ తలలమీద కాలుపెట్టి గుంట దాటుతాడు. అదంతా 4 కిలోబైట్ల ప్రోగ్రాము.

యంత్రం చిన్నదైనందువల్ల ఆట చెడిపోవాలని లేదు. ఒక్కొక్కసారి బాగుపడుతుంది కూడా. దీనికి జపాన్‌లో తైతో కంపెనీ 1978లో విడుదల చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ కంటె మంచి ఉదాహరణ లేదు. తొమొహిరో నిషికాదో దాని కర్త. తెరమీద అయిదు వరసల్లో పదకొండేసి చొప్పున 55 శత్రువులు. ప్రాసెసరు ఇంటెల్ 8080. ఒక ఫ్రేములో అన్నింటినీ కదిలించే శక్తి దానికి లేదు, కాబట్టి ఫ్రేముకు ఒక్క శత్రువును కదుపుతుంది. సెకనుకు 60 ఫ్రేములు అనుకుంటే, 55 మందీ ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. మనం కాల్చిన కొద్దీ వరస పలచబడుతుంది. పది మందే మిగిలితే అదే అడుగు సెకనులో ఆరో వంతుకు పడుతుంది. ఒక్కడే మిగిలితే వాడు ప్రతి ఫ్రేముకూ కదులుతాడు, పిచ్చెత్తినట్టు ఉరుకుతాడు. ‘గెలుపు దగ్గర పడ్డకొద్దీ కష్టం పెరగాలి’ అనే సూత్రాన్ని ఎవరూ కాగితం మీద ముందుగా రాసుకోలేదు. యంత్రం నీరసం నుంచి అది పుట్టింది. నిషికాదో దాన్ని సరిదిద్దకుండా అట్లాగే ఉంచాడు. నా దృష్టిలో ఈ రంగంలో అంతకంటె తెలివైన నిర్ణయం ఇంకొకటి లేదు.

‘ప్యాక్‌మ్యాన్’ సంగతి మరొక రకం. 1980లో నామ్‌కో కంపెనీ కోసం తోరు ఇవతాని రూపొందించిన ఈ ఆటలో నాలుగు దయ్యాలుంటాయి. ఆడేవాడికి అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకొని మాటువేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిన్న నియమం, అంతే. ఎర్రది మనం ఉన్న గడి మీదికే వస్తుంది. గులాబీది మనం చూస్తున్న దిక్కులో నాలుగు గడుల ముందుకు గురిపెడుతుంది. నీలిది ఎర్రదాని స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. నారింజరంగుది ఎనిమిది గడుల కంటె దూరంలో ఉన్నంతసేపు వెంటపడి, దగ్గరికి రాగానే తన మూలకు పారిపోతుంది. మన ఊళ్ళో కుక్కలు కూడా ఇంతే. ఒకటి మీదికి వస్తుంది, ఒకటి సందు చివర కాపుకాస్తుంది, ఒకటి మొరిగి పారిపోతుంది. చూసేవాడు వాటిని ముఠా అంటాడు. అదే ఆటలో 256వ మెట్టుకు చేరినవాడికి తెర కుడి సగం చిందరవందర అక్షరాలతో నిండిపోతుంది. మెట్టు సంఖ్యను ఒక్క బైటులో దాచడమే కారణం. బైటులో 0 నుంచి 255 వరకే పడుతుంది. ఆ తర్వాత లెక్క మళ్ళీ సున్నా అవుతుంది. తెర అడుగున పండ్ల బొమ్మలు వేసే భాగం ఆ సున్నాను చూసి 256 పండ్లు వేయబోతుంది, అవి తెరమీద పడవలసిన చోటు దాటి పోతాయి. బైనరీ లెక్కల పాఠంలో ‘ఓవర్‌ఫ్లో’ అర్థంకాని జూనియర్‌కు ఇది చూపిస్తే చాలు.

పేరు ఎవరిది?

అటారిలో ప్రోగ్రాము రాసినవారి పేర్లు పెట్టెమీద వేసేవారు కాదు. వారెన్ రాబినెట్ అనే ఉద్యోగి ‘అడ్వెంచర్’ అనే ఆట రాస్తూ, ఎవరికీ తెలియకుండా లోపల ఒక రహస్య గది కట్టి అందులో తన పేరు రాసుకున్నాడు. ఆట 1980లో అమ్మకానికి వచ్చాకనే ఆ గది బయటపడింది. అంతకుముందే, 1979లో, డేవిడ్ క్రేన్‌తో సహా నలుగురు ప్రోగ్రామర్లు పేరూ డబ్బూ దక్కడంలేదని బయటకు వచ్చి యాక్టివిజన్ అనే కంపెనీ స్థాపనలో పాలుపంచుకున్నారు. ఆటపెట్టె ఒకరిది, దానికి ఆట రాసేది ఇంకొకరు అనే పద్ధతి అక్కడే మొదలు. అదే కంపెనీ పెరిగి, యాక్టివిజన్ బ్లిజార్డ్‌గా మారి, 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ అధిపతి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ. ఒప్పందం విలువ 68.7 బిలియన్ డాలర్లు.

ఇక మన దగ్గర? 1990 దశకంలో వరంగల్, హనుమకొండ ఇళ్ళకు వచ్చినవి జపాన్ వారి నింటెండో ఫ్యామికామ్‌కు నకళ్ళు. ‘టీవీ గేమ్’ అనే వాళ్ళం, లోపల పెట్టే కార్ట్రిడ్జిని ‘క్యాసెట్’ అనే వాళ్ళం. పనిచేయకపోతే దాన్ని ఊడబీకి నోటితో ఊది మళ్ళీ పెట్టడం అందరికీ వచ్చిన విద్య. ఒక్క క్యాసెట్‌లో వేలకొద్దీ ఆటలు అని అట్టమీద రాసి ఉండేది. తెరిస్తే అవే పదో పదిహేనో ఆటలు వేరు వేరు నంబర్లతో తిరిగి తిరిగి వచ్చేవి. చాలా క్యాసెట్లలో మొదటి తెరమీది కంపెనీ పేరు చెరిపేసి ఉండేది. అసలు రాసినవాడు జపాన్‌లో ఎవడో, మనకు అమ్మినవాడు ఎవడో. మనం ‘మారియో’నూ, ‘కాంట్రా’నూ ప్రేమించాం గానీ, వాటికి ఒక కర్త ఉంటాడన్న సంగతి మన ఊహకే రాలేదు. సినిమాకైతే దర్శకుడి పేరు చూసి టిక్కెట్టు కొనే ఊరు మనది.

ఆ ఫ్యామికామ్ కూడా పేదదే. 1983 నాటిది, పని మెమరీ 2 కిలోబైట్లు. కదిలే బొమ్మలు తెరమీద 64, ఒక గీతమీద ఎనిమిది మాత్రమే. తొమ్మిదోది వస్తే కనబడదు. అందుకే శత్రువులు ఎక్కువైనప్పుడు బొమ్మలు మిణుకుమనేవి. ఏ బొమ్మా పూర్తిగా మాయం కాకుండా ప్రోగ్రాము వంతులు వేసి చూపించేది. మనం మాత్రం టీవీని తట్టేవాళ్ళం.

ఫోనులోకి వచ్చాక

1997లో నోకియా 6110 ఫోనులో తనేలి అర్మాంతో రాసిన ‘స్నేక్’ వచ్చింది. తెర 84 చుక్కల వెడల్పు, 48 చుక్కల ఎత్తు. ఈ పాము ఆటను మనం రాస్తే పాము ఒళ్ళంతా కదపవలసిన పని లేదు. ముందు ఒక తల చుక్క పెట్టి, వెనక ఒక తోక చుక్క చెరిపితే చాలు. మేత తిన్నప్పుడు తోక చెరపడం ఒక్కసారి మానేస్తే పాము పొడుగవుతుంది. డేటా స్ట్రక్చర్స్ పుస్తకంలో ‘క్యూ’ అని ఉండేది ఇదే. తర్వాత జావా ఫోన్లు వచ్చాయి. తొలి సిరీస్ 40 ఫోన్లలో ఆట మొత్తం 64 కిలోబైట్లలో ఇమడవలసి వచ్చేది.

స్పర్శ తెర వచ్చాక యాక్షన్ ఆట స్వభావమే మారింది. గాజుపలక మీద మీట అంచు వేలికి తగలదు, చూడకుండా నొక్కలేం. అందుకే 2011 నాటి ‘టెంపుల్ రన్’లో మనిషి తనంతట తానే పరుగెత్తుతాడు. మనకు మిగిలింది తిప్పడం, దూకడం, వంగడం. హనోయి నగరంలో దోంగ్ న్యుయెన్ అనే ఒక్క మనిషి 2013లో రాసిన ‘ఫ్లాపీ బర్డ్’ అయితే మొత్తం ఆటను ఒక్క తట్టుకు కుదించింది. ప్రపంచమంతా ఆడింది. 2014 ఫిబ్రవరిలో ఆయనే దాన్ని తీసేశాడు. రాసినవాడికి ఆ హక్కు ఉంటుంది.

ఆడేవాడికి ఏ హక్కు ఉంటుందో 2020 సెప్టెంబరు 2న మనకు తెలిసింది. పబ్‌జీ మొబైల్‌ను భారత ప్రభుత్వం నిషేధించింది. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, 2022 జూలైలో మళ్ళీ ఆగింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదం. ఏళ్ళ తరబడి సాధన చేసిన ఆట ఎక్కడో ఉన్న సర్వరు మీట మీద ఆధారపడి ఉందన్నది మాత్రం నిజం. మూలనపడ్డ టీవీ గేమ్‌కు కరెంటు ఇస్తే ఈరోజుకీ ఆడుతుంది.

ఇక్కడే ఇంకొక మాట. పేకాటకు, పందేలకు కూడా ‘గేమింగ్’ అనే పేరే పెట్టి అమ్మినందువల్ల అసలు ఆటలకు చెడ్డపేరు వచ్చింది. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ డబ్బు ఆటలను చట్టం నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన వాడి కథ చెప్పి, పాము ఆట రాసుకుంటున్న తమ్ముణ్ణి మందలించేవాళ్ళను ఈ తేడా ఒక్కసారి చూడమని అడగాలి.

హైదరాబాదు చేసిన ప్రయత్నం

మనవాళ్ళు కన్సోలుకు ఆట రాయలేదా అంటే రాశారు. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే యాక్షన్ ఆటను ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసింది. సోనీ ప్రచురించింది. పూర్తిగా భారతదేశంలో తయారై కన్సోలు మీద వచ్చిన మొదటి ఆటగా దాన్ని చెబుతారు. అదే సంవత్సరం హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర అనే సంస్థ ‘దేశీ అడ్డా’ తెచ్చింది. కబడ్డీ, మనం చిర్రగోనె అనే గిల్లీదండ వంటి ఆటలు అందులో ఉన్నాయి.

హనుమంతుడి ఆటమీద అమెరికాలో రాజన్ జెడ్ అనే హిందూ ప్రచారకుడు అభ్యంతరం చెప్పాడు. దేవుణ్ణి జాయ్‌స్టిక్‌తో ఆడించడం అపచారమన్నాడు. తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి పుల్లలతో ఆడించిన దేశం మనది. ఆ లెక్కన ఎన్ని తరాల కళాకారులు అపచారం చేసినట్టు! దేవుడి గురించి అంత రభస జరిగింది. హనుమంతుడు ఎంత ఎత్తు దూకాలి, మీట నొక్కిన ఎన్ని ఫ్రేములకు కాలు నేల విడవాలి అన్న చర్చ మాత్రం జరగలేదు. ఆట సమీక్షలు కఠినంగానే వచ్చాయి. మన దగ్గర అప్పుడు లేనిది భక్తీ కాదు, బొమ్మలు గీసే చెయ్యీ కాదు. ఆటను వందసార్లు ఆడించి సవరించే అలవాటు లేదు. విదేశీ ఆటలకు బొమ్మలు గీసి ఇచ్చే పని హైదరాబాదులో పుష్కలంగా పెరిగింది. సొంత ఆట మాత్రం అరుదు.

మన చేతులతో

కంపెనీ అనుమతి, ఖరీదైన సామాగ్రి లేకుండా సొంతంగా ఆటపెట్టెకు ఆట రాయడాన్ని ‘హోమ్‌బ్రూ’ అంటారు. ఇంట్లో కాచుకున్నది అని అర్థం. ఇది దొంగ క్యాసెట్ కాదు. అక్కడ ఇతరుల ఆటను నకలు చేస్తారు, ఇక్కడ మన ఆటను మనమే రాస్తాం. కంప్యూటరు భాషలు రానివాళ్ళకు ‘జీబీ స్టూడియో’ అనే ఉచిత సాధనం ఉంది. 1989 నాటి గేమ్‌బాయ్‌కు నడిచే ఆటను దాంతో తయారుచేసి, ఫోనులో ఎమ్యులేటరు మీద ఆడవచ్చు. తెలుగులో రాయాలంటే ఒక చిక్కు వస్తుంది. గేమ్‌బాయ్ తెర 8 చుక్కల చదరాలతో కట్టినది. ‘ఎ’ అనే ఇంగ్లీషు అక్షరం అందులో పడుతుంది. ‘స్త్రీ’ పడదు, గుడికీ వత్తులకూ చోటు కావాలి. ఒక్కొక్క అక్షరం బదులు మాట మొత్తాన్ని బొమ్మగా గీసుకోవడమే సులువు.

కానీ నా సలహా, ల్యాబులో దొరికే ఆర్డ్యునో ఊనో బోర్డుతో పెట్టెనే కట్టమని. 2 కిలోబైట్ల మెమరీ, 32 కిలోబైట్ల ఫ్లాష్, 16 మెగాహెర్ట్జ్ వేగం. అటారికి ఇది పదహారింతలు. దానికి 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు ఉన్న చిన్న ఓఎల్‌ఈడీ తెర, నాలుగైదు మీటలు. ఆర్డ్యుబాయ్ అనే జేబు ఆటపెట్టె కూడా ఈ కుటుంబంలోని చిప్పుతో, ఇంతే కొలత తెరతో పనిచేసేదే.

తెర కొనేముందు ఈ లెక్క చేయండి. చుక్కకు ఒక బిట్టు, కాబట్టి తెర మొత్తం 128 × 64 ÷ 8 = 1024 బైట్లు. మెమరీలో సగం అక్కడే పోయింది. నాలుగు పిన్నుల ఐ2సీ తెర అయితే బైటుకు 9 బిట్ల చొప్పున 9216 బిట్లు పంపాలి. సెకనుకు 4 లక్షల బిట్ల వేగంతో దానికి 23 మిల్లీసెకన్లు. 60 ఫ్రేముల ఆటకు ఒక ఫ్రేముకు ఉన్న వ్యవధి 16.7 మిల్లీసెకన్లే. అంటే బొమ్మ పంపడానికే సమయం చాలదు, ఆట ఎప్పుడు నడుస్తుంది? 8 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ తెర అయితే అదే పని ఒక మిల్లీసెకనులో అయిపోతుంది. అందుచేత ఏడు పిన్నులది అడిగి కొనండి. నాలుగు పిన్నులది ముందే కొని ఉంటే 30 ఫ్రేములతో సరిపెట్టుకోండి, 33 మిల్లీసెకన్లలో పది మిగులుతాయి. కింద చెప్పే అంకెలు 30 ఫ్రేములకే.

ఆట ఏమిటి? ఖిలా వరంగల్‌లో ఒక సైనికుడు రాళ్ళమీదుగా దూకుతూ తోరణం చేరాలి అనుకుందాం. తోరణం బొమ్మ 16 × 16 చుక్కల్లో గీస్తే 32 బైట్లు. బొమ్మలన్నీ, ‘ఆట ముగిసింది’ అనే తెలుగు అక్షరాల బొమ్మతో సహా, ఫ్లాష్‌లోనే ఉంచాలి, మెమరీలోకి రానివ్వకూడదు. శత్రువుకు స్థానం 4 బైట్లు, రకం 1, ప్రాణం 1, మొత్తం ఆరు. పది మందికి అరవై. కంగారు అక్కరలేదు.

దూకడంలో ఆట ప్రాణం ఉంది. సైనికుడి ఎత్తును పూర్తి చుక్కల్లో లెక్కిస్తే కదలిక మొరటుగా ఉంటుంది. చుక్కను 16 భాగాలు చేయండి. 256 చేస్తే ఇంకా నునుపుగా ఉంటుందనిపిస్తుంది గానీ, 128 × 256 = 32768, గుర్తు గల 16 బిట్ల సంఖ్యలో 32767 వరకే పడుతుంది. ప్యాక్‌మ్యాన్ కథే మళ్ళీ. మీట నొక్కగానే పైకి వేగం 48 భాగాలు. ప్రతి ఫ్రేముకూ గురుత్వాకర్షణ కింద 4 తగ్గించండి. 48, 44, 40... అలా 4 వరకు కూడితే 312, అంటే పందొమ్మిదిన్నర చుక్కల ఎత్తు. పైకి పన్నెండు ఫ్రేములు, కిందికి పన్నెండు, మొత్తం 0.8 సెకను. రాయి ఎత్తు 16 చుక్కలైతే దాటుతాడు, 20 అయితే దాటడు. పైకి వెళ్తుండగా మీట వదిలితే వేగాన్ని సగానికి కోయండి. అప్పుడు పొట్టి దూకుడు, పొడుగు దూకుడు రెండూ ఒకే మీటతో వస్తాయి. రాతి అంచు దాటిన తర్వాత కూడా రెండు మూడు ఫ్రేముల వరకు దూకడానికి అనుమతివ్వండి. ఇది న్యాయశాస్త్రం ప్రకారం మోసమే. కానీ మనిషి కంటికీ వేలికీ మధ్య ఆలస్యం ఉంటుంది, ఆ ఆలస్యాన్ని క్షమించని ఆటను ఎవడూ ఆడడు.

తగిలిందా లేదా చూడటానికి రెండు దీర్ఘచతురస్రాలు, నాలుగు పోలికలు చాలు. ఒక్క జాగ్రత్త. బాణం ఫ్రేముకు 8 చుక్కలు పోతూ గోడ మందం 4 చుక్కలే అయితే, బాణం గోడను తాకకుండానే అవతల తేలుతుంది. వేగం తగ్గించండి, లేదా రెండు సగాలుగా కదిపి రెండుసార్లు చూడండి.

పూర్తయ్యాక మొదటి తెరమీద మీ పేర్లు వేయండి. రహస్య గది కట్టవలసిన అవసరం మనకు లేదు. తర్వాత పెట్టెను ఆట గురించి ఏమీ తెలియని ఒక ఫస్టియర్ తమ్ముడి చేతికివ్వండి. ‘గట్ల కాదురా, ముందుగాల దుంకు’ అని మధ్యలో చెప్పకండి. వాడి మొహం కాదు, బొటనవేలు చూడండి. ఎన్నోసారికి మొదటి రాయి దాటాడో కాగితం మీద రాసుకోండి. చచ్చిన తర్వాత మీవైపు చూడకుండానే మళ్ళీ మొదలుపెడితే అంకెలు కుదిరినట్టే. పెట్టెను తిరిగి ఇచ్చేస్తే గురుత్వాకర్షణను 4 నుంచి 5కు, తొలి వేగాన్ని 48 నుంచి 55కు మార్చి, రేపు ఇంకొకడికి ఇవ్వండి.